కొండమఠం జారుడు

సుంకన్న మౌనవ్రతం పట్టాడు.

పత్తికొండ దారిలో నల్లరేగడి చేల మధ్య ఒక రాతిగుట్ట, దాని మీద ఒక మఠం. అక్కడ తత్వాలు పాడేవాళ్లలో సుంకన్నను మించినవాడు లేడు. అలాంటివాడు ఏటా జరిగే ఆరాధన దగ్గర పడుతుండగా నోరు మూసుకున్నాడు. తలకూ చెంపలకూ కలిపి తువ్వాలు చుట్టుకుని, మంచినీళ్లు కూడా సైగలతోనే అడగసాగాడు.

మఠమంతా మురిసిపోయింది. "పాటగాడు నోరు కట్టుకునేదంటే మాటలాప్పా!" అని పెద్ద శిష్యుడు మాదన్న వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. మాదన్నకు మౌనమంటే చాలా గౌరవం. తనవల్ల కాదు గనక.

అసలు సంగతి వేరు. సుంకన్న ఎడమ దవడ వెనక, ఎముక మీదే గట్టిగా ఒక వాపు లేచింది. నొప్పి లేదు కదా అని చాలాకాలం ఊరుకున్నాడు. పన్ను కదలడం మొదలయ్యాక ఎవరికీ చెప్పకుండా కర్నూలు వెళ్లి చూపించుకున్నాడు. డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించింది, ముక్క తీసి పరీక్షకు పంపింది. మళ్లీ వెళ్లినప్పుడు తేల్చి చెప్పింది.

"క్యాన్సర్ కాదు, భయపడొద్దు. చాలా అరుదుగా వచ్చే గడ్డ. కానీ ఎముకను లోపల్నుంచి డొల్ల చేస్తుంది. ఆ మేరకు దవడ కోసి తీసేసి, కాలి ఎముక తెచ్చి అతకాలి. సోమవారం వచ్చి చేరిపో. ఆలస్యం చేశావంటే ఆవలించినా విరగొచ్చు."

"పాడగలనా అమ్మా?"

"మాట బాగానే వస్తుంది," అందామె. పాట గురించి ఏమీ అనలేదు.

ఆ సోమవారం అతను వెళ్లలేదు. మఠానికొచ్చి మౌనం పట్టాడు. మరో సోమవారం వస్తోంది.

ఆవలింత వస్తే గడ్డం కింద పిడికిలి పెట్టుకునేవాడు. పక్కవాడు బొరుగులు నమిలితే, ఆ కరకర తన దవడలోదేమోనని ఉలిక్కిపడేవాడు. నాలుక అదేపనిగా ఆ కదిలే పంటి దగ్గరికే పోయేది. వద్దనుకున్నా పోయేది.

ఆ మఠం పాటకు ఒక జారుడుంది. చరణం చివరి మాటను తెంచరు. దవడ కాస్త పక్కకు వాల్చి, మాటను గాలిలోకి జారవిడుస్తారు. చుట్టుపక్కల దాన్ని కొండమఠం జారుడంటారు. వేరే మఠాలవాళ్లు ఎంత పట్టుకోబోయినా చిక్కలేదు. మాదన్న దగ్గర నేర్చుకున్న సుంకన్న మాదన్ననే మించిపోయాడు. సుంకన్న నోట ఆ జారుడు వింటే రాళ్లు కూడా కళ్లు తుడుచుకుంటాయని జనం అనేవాళ్లు. ఇప్పుడు ఆ దవడనే కోస్తామంటున్నారు.

మఠానికి గురువు కంబగిరిస్వామి. బాగా పెద్దవాడు. రొమ్ము దాకా గడ్డం. తల ఎడమకు వాల్చి కూర్చుంటాడు, ఒకటి రెండు మాటలకు మించి మాట్లాడడు, జొన్న అంబలి తప్ప ముట్టడు. మాదన్నకు పాట నేర్పి, తాను పాడటం ఎప్పుడో మానేశాడు. సుంకన్న ఆయన పాట విననేలేదు. గురువు ఎట్లుంటే శిష్యులూ అట్లే గదా. అంతా గడ్డాలు పెంచారు, వారానికో రోజు అంబలితో సరిపెట్టుకున్నారు. తల ఎడమకు వాల్చి వాల్చి ఇద్దరు మెడనొప్పి కూడా తెచ్చుకున్నారు.

పౌర్ణమి భజన అయ్యాక, స్వామి తన చేత్తో అందరికీ ఎండుకొబ్బరి ముక్క పెట్టడం అక్కడి ఆనవాయితీ. తీసుకున్నవాళ్లు ఆయన ఎదుటే నమిలి మింగాలి. వరస ముందుకు జరిగేకొద్దీ సుంకన్నకు చెమటలు పట్టాయి. కుడి బుగ్గన దాచుకుందామా? విరిగితే ఇక్కడే, ఇంతమందిలో విరుగుతుందా?

చెయ్యి చాపాడు. చేతిలో అరటిపండు పడింది.

"మౌనవ్రతానికి ప్రత్యేక ప్రసాదం!" అని మాదన్న చేతులు జోడించాడు. సుంకన్న మాత్రం తువ్వాలు ఇంకా బిగించుకున్నాడు. స్వామికి తెలిసిపోయింది.

మర్నాడు పొద్దున స్వామి ఒక్కడే బండమీద కూర్చుని అంబలి తాగుతున్నాడు. సుంకన్న వెళ్లి ఎదురుగా కూర్చున్నాడు, తల ఎత్తలేదు.

"చెయ్యి తే," అన్నాడు స్వామి.

ఆ చేతిని తీసుకుని తన గడ్డం కిందికి, ఎడమ పక్కకు చేర్చాడు. అక్కడ ఎముక ఉండాలి. లేదు. వేళ్లు మెత్తగా లోపలికి దిగిపోయాయి. సుంకన్న నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఇట్లాంటి గడ్డే," అన్నాడు స్వామి. "నీ ఈడులో కోసేసినారు."

సుంకన్న వ్రతం మరిచిపోయాడు. "అయితే సామీ, అంబలి తాగేది..."

"నమల్లేకప్పా. నాకు జొన్నరొట్టె అంటే ప్రాణం."

"తక్కువ మాట్లాడేది?"

"దవడ లాగుతాది."

సుంకన్నకు నవ్వు రాబోయి ఏడుపొచ్చింది. "నన్నూ కోస్తారంట సామీ. పోయిన సోమవారమే రమ్మన్నారు, పోలేదు. నాకు ప్రాణం మీద తీపి లేదు, పాట పోతాదని భయం. జారుడు పోతే నేను ఇంకెందుకు?"

స్వామి గిన్నె కింద పెట్టాడు. గడ్డం తుడుచుకున్నాడు. పాట ఎత్తుకున్నాడు.

*ఇల్లు విడిచితి, ఊరు విడిచితి, నన్ను నే విడవనైతినే...*

ముసలి గొంతు, వణికింది. చివరి మాట దగ్గరికొచ్చేసరికి ఎముక లేని ఆ దవడ మాట వినలేదు. గడ్డం పక్కకు ఒరిగింది. పట్టుకోబోయిన మాట పట్టు తప్పి, గాలిలోకి జారిపోయింది.

సుంకన్న ఏళ్ల తరబడి సాధన చేసింది అదే. సరిగ్గా అదే.

"మా గురువు పాటలో ఇది లేదప్పా," అన్నాడు స్వామి. అంబలి గిన్నె మళ్లీ చేతికి తీసుకున్నాడు.

సుంకన్న లేచి, మఠం ముందు ఊడుస్తున్న మాదన్న దగ్గరికి వెళ్లాడు.

"అన్నా, సోమవారం నాతో కర్నూలు ఆసుపత్రికి వస్తావా?"

మాదన్న చేతిలో చీపురు కింద పడింది. "ఒరే! మాట్లాడితివే! వ్రతం?"

"వ్రతం గాదన్నా, భయం," అన్నాడు సుంకన్న తువ్వాలు విప్పుతూ.