నీళ్లలో ముంచిన అచ్చు

మౌనేశ్వరాచారి శిష్యులకు వెండిపని నేర్పుతూనే వేదాంతమూ చెప్పేవారు. తప్పు చేసినవాణ్ణి పదిమందిలో నిలబెట్టి కడిగేయడం ఆయన అలవాటు. ఒక్క నాగలింగానికే అందులో మినహాయింపు. ముప్పై దాటిన మనిషి, మితభాషి. అతని తప్పేదైనా ఉంటే ఆయన పక్కకు పిలిచి, మెల్లగా చెప్పి పంపేవారు. పెద్ద శిష్యుడు పూర్ణయ్యకు ఇది చాలాకాలంగా మింగుడుపడలేదు.

అమ్మవారి వెండి కవచం భుజం దగ్గర చిట్లిన రోజున అతను అడగనే అడిగాడు.

"మధ్యలో కాల్చకుండా బాదీ బాదీ చిట్లగొట్టింది నాగలింగం. అదే నేనైతే ఈపాటికి నా తాట తీసి ఉండేవారు. అతను మీకు ఎక్కువా, నేను తక్కువా గురువుగారూ?"

ఆచారిగారు సుత్తి దెబ్బలకు బిరుసెక్కిన వెండిరేకు ఒకటి చేతికిచ్చి, కాల్చి నీళ్లలో ముంచమన్నారు. పూర్ణయ్య దాన్ని ఎర్రబడేదాకా కాల్చి తొట్టిలో ముంచాడు. బయటికి తీసేసరికి రేకు తమలపాకులా వంగింది. అప్పుడాయన, కరిగిన వెండిని కడ్డీలుగా పోసుకునే పోత ఇనుప అచ్చును చూపించారు.

"ఇక దీన్ని."

"ఇది నీళ్లకు ఆగదండీ."

"ముంచు."

ఎర్రగా కాలిన అచ్చు తొట్టిలోకి దిగగానే లోపల టప్పుమని ఒకే ఒక్క చప్పుడు. పటకారుతో పైకి తీస్తే సగమే వచ్చింది.

"అదే నిప్పు, అవే నీళ్లు," అన్నారు ఆచారిగారు. "వంగదు గనక దీన్ని గట్టిదనుకుంటాం."

పటకారు దించాడు పూర్ణయ్య. తరవాత నెమ్మదిగా బయటపెట్టాడు. ఉదయం గురువుగారు గుడికి వెళ్లిన సమయంలో, ఆయన చేయని పని తానే చేశాడట. అందరినీ పిలిచి, చిట్లిన కవచాన్ని నాగలింగం మెడకు తగిలించి, "అమ్మవారి భుజం విరిచిన మొనగాణ్ణి చూడండర్రా" అన్నాడట. అందరూ నవ్వారట.

"అతనేమన్నాడు?"

"ఏమీ అనలేదు. మొహమైనా మారలేదు. పనిముట్లు తుడిచి, వరసగా పేర్చి, ఏటివైపు వెళ్లాడు. ఎంత మొండిఘటమో అనుకున్నాను."

ఆచారిగారు చెప్పులైనా తొడుక్కోకుండా బయలుదేరారు. పూర్ణయ్య వెనకే పరుగెత్తాడు. ఎండ ఇంకా వాలలేదు. చేపలు పట్టేవాళ్లు అప్పటికే నాగలింగాన్ని మడుగులోంచి ఒడ్డుకు చేర్చి, మొహంమీద తుండుగుడ్డ కప్పి ఉన్నారు. ఆచారిగారు ఆ గుడ్డ తొలగించారు. ఉదయం అందరి నవ్వుల మధ్య ఎలా ఉందో, ఆ మొహం ఇప్పుడూ అలాగే ఉంది.

పూర్ణయ్య ఇసుకలో కూలబడి, గుండెలు బాదుకుంటూ, పెద్దపెట్టున ఏడవసాగాడు. ఇద్దరు ముగ్గురు అతణ్ణి పట్టుకుని ఊరుకోబెట్టబోతే ఆచారిగారు వారించారు.

"ఏడవనివ్వండి," అన్నారు. "వీడికది చేతనవును."