గడ్డి కూరిన దూడ

సాయంత్రం అయిదుంపావుకు గురువుగారు పాలచెంబు తీసుకుని ఆశ్రమం వెనకనున్న కోటమ్మ పాకకు బయల్దేరారు. పాలు తెచ్చుకోవడం ఆయన ఇంకొకరికి వదలని పని. ఆ దారిలో ఎవరైనా ఏమైనా అడగవచ్చు.

ఆ రోజు శిష్యుడు పానకాలరావు వెంట నడిచాడు. వేసవిలో అతని భార్య హైమకు ఆరో నెల కడుపు పోయింది. అప్పట్నుంచి ఆమెకు నిద్ర లేదు. పక్కింట్లో పసిపిల్ల ఏడిస్తే చాలు, చెవులు మూసుకుని గోడవారగా కూర్చుండిపోతుంది. ఇంట్లో ఆ ఊసు ఎత్తకూడదని అందరూ అనుకున్నారు. ఎవరూ ఎత్తలేదు.

"ఇంకో కడుపు నిలిస్తే అదే సర్దుకుంటుందని మా అమ్మ అంటుందండీ. హైమేమో నన్ను దగ్గరికే రానివ్వదు. ఊపిరే పోసుకోని నలుసు కోసం ఇంత ఏడుపా? రేపు పుట్టింటికి పంపేస్తున్నాం. కుదుటపడ్డాక తెచ్చుకుంటాను. తప్పంటారా?"

గురువుగారు తల వంచి పాకలోకి నడిచారు.

లోపల కోటమ్మ గేదె కాళ్లు విదిలిస్తోంది. దాని దూడ పుట్టిన వారానికే చచ్చిపోయింది. ఆ తోలు ఎండబెట్టి, గడ్డి కూరి కుట్టించిన బొమ్మను కోటమ్మ దాని మూతి ముందు నిలబెట్టింది. బొమ్మకు కళ్లు లేవు, ఒక చెవి ఊడింది. గేదె వాసన చూసింది. నాకింది. నాకుతూనే పాలు చేపింది; కోటమ్మ చెంబులోకి పితికింది.

పానకాలరావు నవ్వాడు. "ఎంత తేలిగ్గా మోసపోయిందండీ!"

"నవ్వుతావేందయ్యా? ఆ బొమ్మ తీసేసి నువ్వొచ్చి పితుకు, పళ్లు రాలతాయి" అంది కోటమ్మ.

గురువుగారు చెంబు అందుకున్నారు. "దీనికి తోలైనా చూపించారు. హైమకు ఏం చూపించారు?"

ఏమీ చూపించలేదు. ఆమె మత్తులో ఉండగానే ఆస్పత్రి ఆయా గుడ్డలో చుట్టి పట్టుకుపోయింది. ఆడో మగో పానకాలరావు అడగలేదు. హైమ అడిగితే చెప్పొద్దని మాత్రం అందరికీ చెప్పాడు.

మర్నాడు హైమను పంపేశారు. కారు ముందే మాట్లాడి ఉంచారు.

కొన్నాళ్లకు అతను మళ్లీ వచ్చాడు. ఆస్పత్రి నుంచి వచ్చాక హైమకు పాలు పడ్డాయట. అతని తల్లి పాత చీర చించి రొమ్ములకు బిగించి కట్టిందట. మగాళ్లకు చెప్పే సంగతి కాదందట. ఆ కట్టుతోనే హైమ రోజూ అతనికి అన్నం వడ్డించింది.

"ఇది హైమ చెప్పిందా?" అన్నారు గురువుగారు.

"లేదండీ. మా అమ్మ."

"అయితే హైమ సంగతి నీకింకా తెలియలేదు."