అన్నమ్మ పేరున్న పేజీ

పాలేటిపాడు చర్చికి సెక్రటరీగా ఉన్న గెర్షోముకు తన వంశం గొప్ప చెప్పుకోవడమన్నా, ఎదుటివాళ్ల వంశం ఆరా తీయడమన్నా మహా సరదాగా ఉండేది. "మా ముత్తాత యోసేపు ఈ సంఘానికి మొదటి ఉపదేశి. వందెకరాలు వదులుకుని ప్రభువును నమ్ముకున్న మనిషి" అని ప్రతి పెళ్లిలోనూ చెప్పేవాడు. ఆ వందెకరాలు ఎక్కడున్నాయో ఎవరూ చూడలేదు. అడిగే ధైర్యమూ ఎవరికీ లేదు.

చర్చి వెనక సమాధుల తోటలో జాగా తక్కువైంది. అప్పుడు గెర్షోము ఒక నియమం పెట్టించాడు. నూటయాభై ఏళ్ల నాటి బాప్తిస్మాల పుస్తకంలో మొదటి వందమందిగా రాసినవాళ్ల సంతానానికే ఇక తోటలో చోటు. మిగతావాళ్లు వాగు అవతల పాతిపెట్టుకోవాలి. వానాకాలంలో అక్కడ నడుములోతు నీళ్లు నిలుస్తాయి. చచ్చినవాళ్లకు కూడా వంశం చూసి చోటిచ్చే పెద్దమనిషిని ఏమనాలి? నాకైతే మంచి మాట ఒక్కటీ నోటికి రావడం లేదు.

ఒక ఎండాకాలం ఉదయం రాహేలమ్మ చనిపోయింది. "నన్ను అన్నమ్మ పక్కనే పెట్టు" అని కూతురు తబిత దగ్గర మాట తీసుకుని కన్నుమూసింది. అన్నమ్మ అంటే రాహేలమ్మ తండ్రికి నాయనమ్మ. తోట మూలనున్న రాళ్లకుప్పే ఆమె సమాధి.

తబిత అంగన్‌వాడీ టీచరు. ఇంటి బైబిలు చంకన పెట్టుకుని గెర్షోము దగ్గరికి వెళ్లింది. దాని మొదటి కాగితం మీద అన్నమ్మ, ఆమె కొడుకు ఏలీయా, అతని కొడుకు సీమోను, సీమోను కూతురు రాహేలమ్మ అని నాలుగు చేతిరాతల్లో వరసగా రాసి ఉంది.

"ఇది మీ ఇంట్లో మీరు రాసుకున్నదమ్మా. చర్చి పుస్తకంలో ఉండాలి" అన్నాడు గెర్షోము.

"అయితే ఆ పుస్తకం చూపించండి సార్."

"ఇరవై ఏళ్ల కిందటే చూశాను. అన్నమ్మ పేరు లేదు. చెప్పులు కుట్టుకునేవాళ్లు మొదటి వందలో ఎట్టా ఉంటారు?"

తబితకు ఒళ్లు మండింది. "చెప్పులు కుట్టినోళ్లే గదా సార్ ఈ గుడి గోడలకు మట్టి మోసింది! మా అమ్మ ఈ ఎండలో పడుకోని ఉంది. పుస్తకం తీయిస్తారా, పెట్టె తెచ్చి మీ వాకిట్లో దించమంటారా?"

ఆ కేకలకు జనం పోగయ్యారు. పాస్టరు అయ్యగారు వచ్చి బీరువా తెరిచి పుస్తకం బయటికి తీశారు. తబిత ముందు పేర్లు చూడలేదు, నంబర్లు చూసింది. ముప్పై ఎనిమిది తర్వాత నలభై ఏడు ఉంది.

"నేను రోజూ రిజిస్టర్లు రాసేదాన్ని అయ్యగారూ. మధ్యలో ఈ ఎనిమిది మంది ఏమైపోయారు?"

"పాతకాలం వాళ్లు లెక్క తప్పి ఉంటారు" అన్నాడు గెర్షోము గబగబా.

తబిత ఆ కాగితాన్ని వేళ్ల మధ్య పట్టి చూసింది. అట్టలా మందంగా ఉంది. రెండు కాగితాలను మైదా జిగురుతో ఒకటిగా అంటించేశారు. పిన్నీసు తీసి అంచు వెంట మెల్లగా పోనిచ్చింది. కాగితాలు విడిపోయాయి.

గెర్షోము ముఖం నల్లబడింది. "అమ్మా, మీ అమ్మను అన్నమ్మ పక్కనే పెట్టుకో. పుస్తకం మాత్రం మూసెయ్" అన్నాడు.

చూశారా! ఇంతకుముందు లేని అన్నమ్మ ఇప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చిందట?

తబిత మూయలేదు. అందరికీ వినబడేలా చదివింది. "నలభై ఒకటి. అన్నమ్మ, చెప్పులు కుట్టు పోలయ్య భార్య. నలభై రెండు. యోసేపు, వయసు అయిదేళ్లు ఉండవచ్చు. తల్లిదండ్రులు తెలియదు. కులం తెలియదు. ధాత కరువులో కాలువ తవ్వకం దగ్గర ఆకలికి పడి ఉండగా అన్నమ్మ ఎత్తుకొచ్చి, తన బిడ్డ గంజిలో సగం పోసి సాకుతున్నది." పక్కనే ఇంకో సిరాతో, "ఇతడే తరువాత ఉపదేశి అయ్యాడు" అని ఉంది.

"ఇది అంటించింది ఎవరు గెర్షోము గారూ?" అని అడిగారు అయ్యగారు.

"నేనే. సంఘ చరిత్ర రాయమంటే పుస్తకం తిరగేశాను. అప్పుడు పిల్లలకు సంబంధాలు చూస్తున్నాం. ముత్తాత కులం తెలియదంటే ఎవరొస్తారండీ?" అన్నాడు గెర్షోము తల దించుకుని.

అదీ సంగతి! తన ముత్తాతను బతికించిన మనిషిని ముందు పుస్తకంలో పాతిపెట్టాడు. ఆ తర్వాత ఆమె మునిమనవరాలికి పిడికెడు మట్టి లేదన్నాడు. వాళ్ల గంజి తాగి పెరిగిన వంశం చేయాల్సిన పనేనా ఇది?

సాయంత్రం రాహేలమ్మను అన్నమ్మ పక్కనే దించారు. మన్ను ముందుగా ఇంటివాళ్లే వేయాలి, అది అక్కడి పద్ధతి. తబిత తన పిడికిలి మన్ను వేసింది. తర్వాత ఎక్కడో వెనక నిలబడ్డ గెర్షోమును కేకేసింది. ఇప్పుడు సార్ అనలేదు.

"రా అన్నా. అన్నమ్మ సాకిన బిడ్డ వంశం నీది. బయటోళ్లతో నిలబడతావేంది? వచ్చి మన్ను వెయ్యి."

తిట్టి ఉంటే అతనికి సుఖంగా ఉండేది. నలుగురినీ తప్పించుకుంటూ ముందుకు వచ్చి మన్ను తీసుకున్నాడు గానీ, చెయ్యి చాలాసేపు తెరుచుకోలేదు. "తప్పయింది తల్లీ" అన్నాడు రాళ్లకుప్ప వైపు చూస్తూ. తన నియమాన్ని ఆ ఆదివారమే తానే నిలబడి కొట్టేయించాడు.

మంచిదే. కానీ ఇరవై ఏళ్లు ఆ పేజీ మూసి ఉంచాడన్న కోపం నాకింకా చల్లారలేదు. పిల్లలూ, గుర్తుంచుకోండి: తన పుట్టుక గొప్పదని చూపించుకోవడానికి ఇంకొకరి పేరు దాచేవాడు, చివరికి తనను బతికించినవాళ్లకే ద్రోహం చేస్తాడు.