దిష్టి గుమ్మడికాయ కింద

“దేవుణ్ణి నమ్మినవాడికి బీమా దేనికి గురువుగారూ?” అని జోగారావు మళ్లీ అడిగేసరికి లింగమూర్తిగారు కళ్లు మూసుకున్నారు. ధ్యానం కాదు, విసుగు. బొబ్బిలి బజారులో టిఫిన్ హోటలు తెరవబోతున్న ఈ శిష్యుడు కొన్నాళ్లుగా గీతా పాఠం సాగనివ్వకుండా ఇదే ప్రశ్నతో చెవిలో జోరీగలా తయారయ్యాడు. బీమా ఏజెంటు వచ్చి, మంటలు లేస్తేనో, పనివాళ్లకు దెబ్బ తగిలితేనో అని నోరు తెరవగానే, “శుభమా అని హోటలు పెడుతుంటే ఆ మాటలేమిటండీ! పైన తథాస్తు దేవతలుంటారు” అని గుమ్మంలోంచే పంపేశాడట. అది మళ్లీ గొప్పగా చెప్పుకున్నాడు కూడా.

ప్రశ్నకు మాటతో బదులివ్వడం గురువుగారి అలవాటు కాదు. గొడుగు అందుకుని, “పద, నీ హోటలు చూద్దాం” అన్నారు.

గుమ్మానికి ఉట్టిలో బూడిద గుమ్మడికాయ వేలాడుతోంది. మెత్తబడి, కిందికి జారి, నీరు కారుతోంది. సరిగ్గా దాని కిందే నీలమ్మ కూర్చుని గడప కడుగుతోంది. పిండి రుబ్బడానికీ పైపనికీ కొత్తగా కుదిరిన మనిషి.

“ఆ కాయ కుళ్లిపోయింది. దింపించు” అన్నారు గురువుగారు.

“కుళ్లితేనే మంచిది గురువుగారూ! దిష్టంతా లాగేస్తోందన్నమాట.”

“అది కాస్తా పడితే...”

“అశుభం పలక్కండి!” అంటూ జోగారావు రెండు చేతులూ జోడించాడు. వీడికి చెప్పేకంటే గోడకు చెప్పుకోవడం నయమని గురువుగారికి ఒళ్లు మండింది. నీలమ్మనైనా లేవమందామని ఆయన అటు తిరిగేలోగా ఉట్టి తాడు తెగింది. గడప మీద ఆనించిన ఆమె కుడిచేతి మీద పడింది కాయ.

మణికట్టు ఎముక విరిగింది. ఆసుపత్రిలో కట్టు కట్టించి తీసుకొస్తున్నప్పుడైనా జోగారావు ఊరుకున్నాడా? ఊరుకోలేదు. “పోనీలే నీలమ్మా, హోటలుకు తగలాల్సిన దిష్టి నీతో పోయింది” అన్నాడు, ఓదారుస్తున్నాననుకుని.

నీలమ్మ నడక ఆపి అతని వంక చూసింది.

“నా సెయ్యాడితేనే మా ఇంట్లో పొయ్యెలుగుతాది బావూ. ఆ దిష్టేదో మీకే తగిల్తే పోయేది కదేటి?”

జోగారావు తల దించుకున్నాడు. ఆమెను ఇంటి దగ్గర దిగబెట్టి, గురువుగారి వెంట ఆయన అరుగు దాకా నడిచాడు. అక్కడికొచ్చాక మాత్రం పాత అలవాటు పోలేదు. “నేను దేవుణ్ణి నమ్మాను కదా గురువుగారూ...” అని గొణిగాడు.

లింగమూర్తిగారు గొడుగు మడిచి మూలన పెట్టారు.

“నమ్మకం నీది. చెయ్యి ఆమెది” అని లోపలికి వెళ్లిపోయారు.