వనాధికారి ఉత్తరీయం

గుట్టల నడుమ ఒక చిన్న రాజ్యం. అక్కడి రాజుగారికి టేకు అడవి పెంచాలని ముచ్చట పుట్టింది. రాజుగారి కళ్లబడాలని వనాధికారి మార్తాండరావు దారిపక్కన తెల్లగా పొడిదేరిన చౌడునేలలోనే మొక్కలు నాటించాడు. అన్నీ మాడిపోయాయి.

రాజుగారు చూడవచ్చిన రోజున, వనాధికారి తప్పంతా మొక్కలు నాటిన కూలి గంగులమ్మ మీదికి నెట్టాడు.

"చౌడులో టేకు బతకదని అప్పుడే మొత్తుకున్నాను ప్రభూ!" అంది గంగులమ్మ.

"మన్నంతా ఒకటే! ఈమె నీళ్లు సరిగా పోయలేదు. ఊళ్లోంచి వెళ్లగొట్టాలి," అన్నాడు వనాధికారి.

రాజుగారు సరేననబోయారు.

"పోతాను గానీ, అయ్యగారి ఉత్తరీయం మాసింది. ఉతికిచ్చి మరీ పోతాను," అందామె.

వనాధికారి మురిసిపోయి తీసిచ్చాడు. గంగులమ్మ పక్క గుట్ట నుంచి తట్టెడు ఎర్రమట్టి తెచ్చి, నీళ్లు కలిపి, ఉత్తరీయాన్ని అందులో ముంచబోయింది.

"ఆగవే! తెల్లబట్టను ఎర్రమట్టిలో ఉతుకుతావా? మురికి పోవాలంటే చౌడుమట్టి కావాలని తెలీదూ?" అని కేకేశాడాయన.

"మన్నంతా ఒకటేనన్నారు కదండీ! మురికినే కొరికేసే చౌడు లేతవేళ్లను వదులుతుందా?"

రాజుగారు ఫక్కున నవ్వారు. "అయితే ఊరు విడవాల్సింది ఈయనే. ఏమంటావు గంగులమ్మా?"

"ఎందుకు ప్రభూ! ఈసారి టేకు ఎర్రగుట్ట మీద నాటుతాం. నీళ్లు సరిగా పోయడం అయ్యగారికే తెలుసు కదా, బిందెలు ఆయన్నే మోయనివ్వండి."

వనాధికారి గుట్ట ఎత్తు చూశాడు. బిందె బరువు తలుచుకున్నాడు.

"ప్రభూ, నేను ఊరే విడిచిపోతాను!" అన్నాడు.