ఉరుకులేరు మలుపు తిరిగిన రోజు

ఒకప్పుడు ఏర్లన్నీ స్కేలు పెట్టి గీసినట్టు ఉండేవి. కొండ దగ్గర మొదలు, సముద్రం దగ్గర ఆఖరు. మధ్యలో ఒక్క వంపు లేదు. పక్కకి చూసే అలవాటే లేదు వాటికి.

అన్నిటిలోకీ తొందర ఎక్కువ ఉరుకులేటికి. పొద్దున కొండ మీద బయల్దేరిన నీళ్ళు పొద్దుగూకేలోపు సముద్రంలో పడాల్సిందే. దారిలో దొరికిన మట్టినంతా ఒళ్ళో వేసుకుని పోయేది. "కాస్త ఆగవే" అని గట్టు మీది తుమ్మచెట్టు అనబోతే, మాట సగంలో ఉండగానే ఏరు మైలు దూరం దాటిపోయేది.

ఆ ఏటికి ఎడమవైపు బూడిదవలస. కుడివైపు గుల్లపాడు. ఏటి నుంచి రెండూ రెండు గంటల నడక. ఆ రెండు ఊళ్ళకీ ఒకరంటే ఒకరికి పడదు. మీ పశువులు మా మేత తిన్నాయంటే మీవే తిన్నాయని ఏడాది పొడుగునా రగడ.

బూడిదవలస బడిలో భూగోళాన్ని రెండు గదుల్లో చెప్పేవారు. తూర్పు గదిలో పైడయ్య మాస్టారు కొండలు, ఏర్లు, గాలులు, వానలు చెప్పేవారు. పడమర గదిలో సుభద్ర టీచరు ఊళ్ళు, పంటలు, సంతలు, బండిదారులు చెప్పేవారు. మాస్టారి పటంలో మనుషులుండరు. టీచరు పటంలో నీళ్ళుండవు. రెండు పటాలూ నూనె కాగితం మీదే గీశారు, ఒకే కొలతతో గీశారు. కానీ ఒకటి తూర్పు గోడ మీద, ఒకటి పడమర గోడ మీద. రెండూ ఒకచోట పెట్టి చూద్దామని ఎవరికీ తోచలేదు. పరీక్షలు కూడా వేరే వేరే రోజుల్లో పెట్టేవారు మరి.

తొమ్మిదో తరగతిలో నూకాలు అని ఒక పిల్ల ఉండేది. ప్రశ్న అడక్కుండా పూట గడవదు ఆ పిల్లకి.

"మాస్టారూ, ఏటి పక్కన ఊళ్ళెందుకు లేవు?"

"ఊళ్ళు నా సబ్జెక్టు కాదమ్మా. టీచరుగారిని అడుగు."

అటు పరిగెత్తేది. "టీచర్, మన బావులెందుకు ఎండిపోతున్నాయి?"

"నీళ్ళు నా సబ్జెక్టు కాదు. మాస్టారిని అడుగు."

రెండు గదుల మధ్య వరండా అరిగిపోయింది కానీ నూకాలుకి జవాబు దొరకలేదు.

ఆ ఏడు బూడిదవలసలో ఆఖరి బావి కూడా అడుగంటింది. చేదతో తోడితే బురద వచ్చింది. మర్నాడు పొద్దున్నే ఊరంతా బళ్ళ మీద సామాన్లు ఎక్కిస్తోంది. నూకాలు తండ్రి అప్పన్న మంచం కోళ్ళకి తాడు బిగిస్తున్నాడు.

"ఎక్కడికి పోతన్నాం అయ్యా?"

"నీళ్ళున్న కాడికి."

"అదెక్కడ? ఏటి కాడా?"

"ఆ ఏట్లో చేద ముంచితే మనిషినే లాక్కుపోతాది. ఇంకెక్కడో, పోతే తెలుస్తాది."

"మరి నా బడి?"

అప్పన్న తాడుకి ఇంకో ముడి వేశాడు. "ఎండ దిగేక ఎడ్లని కడతాం. అంతలోగా నీ పుస్తకాలు సర్దుకో," అన్నాడు.

నూకాలు పుస్తకాలు సర్దుకోలేదు. తిన్నగా బడికి పరిగెత్తింది. తూర్పు గోడ మీది పటం పీకింది, పడమర గోడ మీది పటం పీకింది. ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీకి ఆనించింది. నూనె కాగితాల్లోంచి వెలుతురు వచ్చింది. అప్పుడు కనబడింది. ఎడమన తన ఊరు, కుడిన గుల్లపాడు, మధ్యలోంచి ఎవరికీ అందకుండా, ఎవరినీ చూడకుండా పోతున్న గీత.

"నా పటం ఎవరు తీశారు?" అంటూ ఇద్దరూ రెండు గుమ్మాల్లోంచి ఒకేసారి వచ్చారు. కిటికీ వైపు చూసి ఇద్దరూ ఒకేసారి ఆగిపోయారు.

"ఇదేంటి టీచరుగారూ," అన్నారు మాస్టారు మెల్లిగా.

"మీరే చెప్పాలి," అంది టీచరు.

వాళ్ళు తేల్చుకునేదాకా ఆగే తీరిక లేదు నూకాలుకి. రెండు పటాలూ చుట్టచుట్టి చంకలో పెట్టుకుని ఏటి వైపు ఉరికింది.

గట్టుకి చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. ఏరు దడదడమని పోతోంది. నూకాలు గట్టు వెంట పరిగెడుతూ అరిచింది.

"ఏరమ్మా, ఓ మాట."

"పనుంది. తప్పుకో."

"ఏం పని?"

"సముద్రానికి పోవాలి."

"పోయి?"

ఏరు తడబడింది. ఇంతవరకూ ఎవరూ అడగని మాట అది. "పోయి ఏంటి, పోయి? పోవడమే పని."

"మా బావులు ఎండిపోయాయి. సాయంత్రం ఊరు ఖాళీ అయిపోతుంది. ఒక్కసారి మా వైపు వచ్చి పో."

"పిలిచిన వాకిలికల్లా రావడానికి నేనేమన్నా మీ మేకనా? ముక్కుసూటిగా పొమ్మని కొండ చెప్పింది."

నూకాలుకి ఒళ్ళు మండింది. ఏడుపు కూడా వచ్చింది కానీ ఏడిస్తే వాదన పోతుందని మింగేసింది.

"కొండ పుట్టాక ఒక్క అడుగైనా వేసిందా? కదలనిదాని దగ్గర నడక నేర్చుకున్నావా నువ్వు?"

ఏటికి నురగ వచ్చింది. "నోరు పెద్దదే పిల్లా నీది."

"ఒకటి చెప్పు. నీకు పరుగంటే ఇష్టమా, చేరుకోవడమంటే ఇష్టమా?"

"పరుగే. ఆగితే నాకు ఊపిరాడదు."

"మరి పొద్దున మొదలెట్టి సాయంత్రానికి అవగొట్టేసుకుంటావేంటి? సముద్రంలో పడ్డాక ఎక్కడ పరిగెడతావు?"

ఏరు గొంతు తగ్గించి అంది. "అక్కడ దారి ఉండదు. ఉప్పులో పడి ఊగుతూ కూచోవడమే."

"తిన్నటి దారే అన్నిటికన్నా పొట్టిది. అటో మలుపు, ఇటో మలుపు తిరిగావనుకో, నీ పరుగు నాలుగు రోజులు వస్తుంది."

ఏరు గలగలమంది. నీళ్ళు ఎగిరి నూకాలు మొహాన పడ్డాయి. "ఏదీ, ఆ పటం చూపించు. తొందరగా."

నూకాలు పటాలు రెండూ కలిపి గట్టు మీద పరిచింది. గాలికి ఎగరకుండా బొటనవేలితో అదిమింది. ఆ వేలు సరిగ్గా గుల్లపాడు మీద పడింది. వేలు తియ్యకపోతే ఏరు ఎడమకి వస్తుంది, ఎడమనే ఉండిపోతుంది. పోయిన ఏడు గుల్లపాడు వాళ్ళు అప్పన్న ఎద్దుని మూడు రోజులు కట్టేసుకున్న సంగతి గుర్తొచ్చింది.

"ఇంకెంతసేపు?" అంది ఏరు.

నూకాలు వేలు తీసింది. "ఇది గుల్లపాడు. వాళ్ళ బావులూ ఎండిపోయే ఉంటాయి. నాకు వాళ్ళంటే పడదు. కానీ పటంలో ఉన్నారు."

"ఎడమకి వచ్చి, కుడికి పోయి, మళ్ళీ ఎడమకి," అంటూ ఏరు లెక్క వేసుకుంది. వేసుకుంటుంటేనే దాని ఒళ్ళు కుదురు తప్పింది. "అయితే ఒక షరతు. నేను మలుపు తిరిగిన చోట లోపలి ఒడ్డుకి మట్టి పోస్తాను, బయటి ఒడ్డు కోసుకుపోతాను. ఏటేటా కాస్త జరుగుతుంటాను. ఎక్కడున్నానో చూసుకుని మసలుకోవడం మీ పని."

"సరే. మా ఊరివాళ్ళని నేను ఒప్పిస్తాను."

"గుల్లపాడు వాళ్ళనో?"

"వాళ్ళనీ నేనే. ఇంకెవరు వెళ్తారు?"

అంతే. ఏరు ఎడమ భుజం వంచింది.

బూడిదవలసలో అప్పటికి ఎడ్లని కట్టేశారు. అప్పన్న ములుగర్ర ఎత్తాడు. ఎడ్లు ముక్కులెగరేసి తడి వాసన పట్టాయి, బండితో సహా వెనక్కి తిరిగాయి. ఎంత అదిలించినా వినలేదు. అవి తిరిగిన వైపు నుంచి మోకాళ్ళదాకా బురదతో నూకాలు వచ్చింది. దాని వెనకే ఏరు వచ్చింది.

"ఏటే, ఏం చేసొచ్చేవు?" అన్నాడు అప్పన్న.

"రెండు పటాలూ ఒకచోట పెట్టాను అయ్యా. మంచం దించు."

మర్నాడు పైడయ్య మాస్టారు కొత్త పటం గీయడానికి స్కేలు తీశారు. ఏటి వైపు చూసి స్కేలు కింద పెట్టేశారు. "టీచరుగారూ, మీ ఊళ్ళు ఎక్కడెక్కడున్నాయో కాస్త పక్కన కూచుని చెప్పండి," అన్నారు. టీచరు తన కుర్చీ తూర్పు గదికి తెచ్చుకుంది.

ఉరుకులేటిని చూసి మిగతా ఏర్లూ నేర్చుకున్నాయి. అప్పటినుంచే ఏర్లు మైదానంలోకి దిగగానే వంకలు తిరుగుతాయి. ఒక ఒడ్డున మట్టి పోస్తాయి, ఎదుటి ఒడ్డు కోస్తాయి. ఈ ఏడు ఉన్నచోట వచ్చే ఏడు ఉండవు. ఆఖరికి సముద్రం కనబడ్డాక కూడా, అప్పుడే అయిపోయిందా అని, పాయలు పాయలుగా చీలి ఇంకో నాలుగు దారులు వెతుక్కుంటాయి.