వెలగని వాచీ

కొండవాలులో ఓబులేసు గొర్రెల మంద ఉండేది. చుట్టూ ముళ్లకంప, మధ్యలో రేకుల పాక. మందకు కాపలా బూడిదయ్య అనే ముసలి కుక్క. ఒకప్పుడు అతని అరుపు కొండ దిగువ దాకా వినబడేది. ఇప్పుడు గొంతు తగ్గింది, పళ్లు కొన్ని ఊడాయి. అందుకే ఓబులేసు తను కొత్తది కొనుక్కున్నాక, పాత స్మార్ట్‌వాచీని బూడిదయ్య ముందుకాలికి కట్టాడు. దాని పక్కనున్న బటన్‌ని పంటితో కాసేపు నొక్కి పట్టుకుంటే, కింద వేరుశనగ చేలో ఉన్న ఓబులేసు ఫోన్ మోగుతుంది. అది నేర్పడానికి ఆయన చాలా ఓపిక పట్టాడు.

పొద్దెక్కాక ఒక నక్క వచ్చి కంప అవతల కూర్చునేది. లోపలికి అడుగు పెట్టేది కాదు.

"మామా, ఈరోజు ఎంత దూరం నడిచావో చూపించు" అనేది.

బూడిదయ్య కాలు ఎత్తేవాడు. వాచీ వెలిగేది.

"ఎండలో కనబడటం లేదు. వెలుతురు పెంచు మామా. గుండె ఎలా కొట్టుకుంటోంది? ఈ వయసులో ఇంత నిదానమైన గుండె కొండ మీద ఇంకెవరికీ ఉండదు. ఏదీ, తెర మీద ఆ నెమలి బొమ్మ ఇంకోసారి ఆడించు. మా పిల్లలకు చెబితే నమ్మడం లేదు."

బూడిదయ్యను మెచ్చుకున్నవాళ్లు లేక చాలా కాలమైంది. గొర్రెలు అతన్ని చూస్తే పక్కకు తప్పుకునేవి. ఓబులేసు పని చెప్పి వెళ్లిపోయేవాడు. నక్కను కంప దాటనివ్వనంత వరకు మాట్లాడితే తప్పేముంది అనుకున్నాడు బూడిదయ్య.

ఒక మబ్బు సాయంత్రం నక్క తన తోడునక్కలతో వచ్చింది. ఒకటి ముందువైపు కంపను గీకుతూ బూడిదయ్యను అటు లాగింది. ఇంకొకటి వెనక దూరింది. బూడిదయ్య బటన్ కొరికాడు. వాచీ మీద సన్నటి ఎర్రగీత ఒకటి కనబడి ఆరిపోయింది. ఓబులేసు రాలేదు. బూడిదయ్య వెనక్కి పరిగెత్తేసరికి, చుక్కమ్మ అనే గొర్రె ఈమధ్యే ఈనిన పిల్ల అక్కడ లేదు.

మర్నాడు ఓబులేసు వాచీని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇదీ ముసలిదైపోయింది" అని మాత్రం అన్నాడు. చార్జింగ్ పెట్టి, మళ్లీ తెచ్చి కట్టాడు. కొట్టినా బూడిదయ్యకు అంత బాధ అనిపించేది కాదు.

ఆయన వెళ్లాక చుక్కమ్మ వచ్చి నిలబడింది. బూడిదయ్య తల ఎత్తలేదు.

"నన్ను తిట్టు చుక్కమ్మా."

"తిడితే నా బిడ్డ వస్తుందా అన్నా? ఒక్కటి అడుగుతాను, చెప్పు. పొద్దున నిండుగా ఉన్న వాచీ సాయంత్రానికి ఎందుకు ఖాళీ అయింది?"

"పాతబడింది. బ్యాటరీ మునుపటిలా నిలవడం లేదు."

"అది సరే. ఉన్నదంతా ఎటు పోయింది?"

బూడిదయ్య ఒక్కొక్కటే చెప్పాడు. నెమలి ఆట, పెంచిన వెలుతురు, అస్తమానం గుండెను లెక్కపెట్టడం, కాలు కదిలినప్పుడల్లా వెలగడం.

"ఇవన్నీ ఎవరికి చూపించావు?"

నక్క సంగతి కూడా అతను చెప్పాడు. చుక్కమ్మ కంప వైపు చూసింది.

"అది కబుర్లకు రాలేదన్నా. వాచీని ఖాళీ చేయించడానికి వచ్చింది."

ఆ పూట ఇద్దరూ వాచీ ముందు కూర్చున్నారు. బూడిదయ్య ముక్కుతో తడుముతూ నెమలిని తీసేశాడు. దాని చోట ఉత్త నల్లటి తెర మిగిలింది. వెలుతురు బాగా తగ్గించాడు. కాలు ఎత్తితే వెలగకుండా చేశాడు. గుండె లెక్క ఆపేశాడు. ఓబులేసు ఫోన్‌కి వచ్చే పెళ్లిపిలుపులు, సంత ధరలు అన్నీ ఈ వాచీలోనూ గుయ్‌మంటుండేవి. వాటినీ ఆపాడు.

"అడుగుల లెక్కో?" అంది చుక్కమ్మ.

"ఎంత నడిచానో నా కాళ్లకు తెలుసులే" అన్నాడు.

ఓబులేసును పిలిచే దారి ఒక్కటే ఉంచారు. ఆ తర్వాత నుంచి, ఓబులేసు వాచీని ఎండ పడే రాతి మీద పవర్‌బ్యాంక్‌తో చార్జింగ్ పెడితే బూడిదయ్య దాన్ని నీడలోకి జరిపేవాడు. వేడి తగిలితే పాత బ్యాటరీ ఇంకా త్వరగా పాడవుతుంది. ఇంత చేసినా వాచీ కొత్తదైపోలేదు. కానీ చీకటి పడ్డాక కూడా అందులో సగానికి పైగా చార్జింగ్ మిగిలింది.

కొన్నాళ్లకు నక్క మళ్లీ వచ్చింది.

"జరిగింది విన్నాను మామా. నాకూ అన్నం సయించలేదు. ఏదీ, ఆ నెమలిని చూపించు, నీ మనసు కుదుటపడుతుంది."

బూడిదయ్య కాలు ఎత్తాడు. తెర నల్లగా ఉంది.

"వెలగడం లేదేం?"

"ముసలిదైంది అల్లుడూ. ఇదివరకటిలా వెలగదు."

ఆ మాట అంటుంటే అతని గుండె దడదడలాడింది. దాన్ని లెక్కపెట్టి నక్కకు చూపించేది ఇప్పుడు ఏదీ లేదు. నక్క తృప్తిగా లేచి వెళ్లింది.

ఆ సాయంత్రమే తోడునక్కలతో తిరిగొచ్చింది. ఈసారి దాక్కోలేదు, ఎదురుగానే కంప తోసుకుని లోపలికి వచ్చింది. బూడిదయ్య అటూ ఇటూ పరిగెత్తలేదు. గొర్రెపిల్లల ముందు నిలబడి, బటన్‌ని పంటితో పట్టాడు.

"చచ్చినదాన్ని కొరికితే ఏం లాభం మామా?" అంది నక్క.

అతను పట్టు వదల్లేదు. తెర వెలగలేదు గానీ, వాచీ అతని కాలి మీద ఒకసారి సన్నగా వణికింది.

కింద చేలో ఫోన్ మోగింది. ఓబులేసు, పక్క చేలవాళ్లు కర్రలతో పైకి పరిగెత్తుకొచ్చారు. తోడునక్కలు పారిపోయాయి. నక్క ముళ్లకంపలో చిక్కుకుంది. వెనక కాలి మీద దెబ్బ పడ్డాక, ఒంటి మీద బొచ్చు ముళ్లకు వదిలేసి ఎలాగో బయటపడింది. కుంటుతూ కొంత దూరం పోయి, ఆగి వెనక్కి చూసింది.

"అది చచ్చిపోయింది కదా మామా?"

"చావలేదు. నీకు చూపించడం మానేసింది" అన్నాడు బూడిదయ్య.

నక్క ఆ వాలులో మళ్లీ కనబడలేదు.

మంద సర్దుకున్నాక పిల్లలన్నీ తల్లుల కింద దూరాయి. చుక్కమ్మ ఒక్కతే ఓ మూలన నిలబడింది. బూడిదయ్య వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె తప్పుకోలేదు.

ఉన్న కాస్త శక్తినీ మెప్పు కోసం ఖర్చు చేసేవాడికి, ప్రాణం మీదికి వచ్చిన వేళ ఏమీ మిగలదు.